గాలిలోకి వదిలిన వంశచరిత్ర

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా కష్టమైన పని "నాకు తెలీదండీ" అనడం. భూములు పోగొట్టుకోవడం మా ఇంట్లో ఎవరికీ అంత కష్టం కాలేదు. మా తాతగారి కాలంలో కొన్ని, మా నాన్నగారి కాలంలో మిగిలినవి, పెళ్లికి వచ్చిన చుట్టాలు సెలవు పుచ్చుకున్నట్టు ఒకటొకటిగా మర్యాదగా వెళ్లిపోయాయి. గణపవరం దిగువన కొల్లేటి అంచు దాకా మూడు ఊళ్లు మావని చెప్పుకునే స్థితి నుంచి, ఏలూరులో రెండు గదుల వాటాలో అద్దెకుంటున్నామని ఎవరికీ చెప్పుకోని స్థితికి వచ్చేసరికి నాకు ఇరవై మూడేళ్లు. మిగిలింది వెన్నెముక ఒకటే. మా ఇంట్లో ఎవరూ గోడకి చేరగిలబడి కూర్చునేవారు కాదు (గోడ ఇంటివారిది కనక ఏలూరు వచ్చాక మరీ కాదు). నా ఉద్యోగం చేపల మేత అమ్మే ఒక కంపెనీలో గుమాస్తా పని. మా పొలాలు కొన్నవాళ్లు వాటిని తవ్వి చెరువులు చేశారు. ఆ చెరువుల్లోని చేపలకి నేను మేత బస్తాలు లారీ ఎక్కించి పంపించేవాణ్ణి. ఒక విధంగా మా భూముల్ని ఇంకా నేనే పోషిస్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నవ్వకండి, ఆ వయసులో ఆ మాట నాకు బాగా పనికొచ్చింది.

కొల్లేరు పొంగిన ఒక ఏడు మేత లారీతో పాటు వెళ్లి ఒక లంక ఊళ్లో చిక్కుకుపోయాను. రోడ్డు మునిగింది, ఫోన్లు మూగబోయాయి. సెల్‌ఫోనన్నది అప్పటికి మా మేనేజరుగారి నడుముకి మాత్రమే వేలాడేది. ఆ ఊరి బడి వరండాలో ఒకాయన పంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, ఒక కారు బ్యాటరీ, ఒక చిన్న రేడియో సెట్టు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టి ఉంది. మైకు పుచ్చుకుని ఏవో అక్షరాలు, ఒక అంకె చదివాడు. ఎక్కడో దూరాన ఉన్న మనిషి వెంటనే పలికాడు. పడవలు కావాలి, పసిపిల్లలకి పాలపొడి కావాలి అని ఈయన చెప్పడం, ఆయన తిరిగి చదివి వినిపించడం, పొద్దు గుంకే లోపల పడవలు రావడం నా కళ్లతో చూశాను. అయితే నన్ను పట్టుకున్నది పడవలు కాదు. అవతలి మనిషి ఈయన్ని మీదే ఊరు, మీరెవరి అబ్బాయి అని ఒక్క మాట అడగలేదు. ఆ అక్షరాలు వినగానే అంత గౌరవంగానూ మాట్లాడాడు. అవేమిటని అడిగితే, "అది నా కాల్‌సైన్ అండీ. గాలిలో నా పేరు. పరీక్ష పాసైతే గవర్నమెంటు ఇస్తుందండీ. ఒకరికిచ్చింది ఇంకొకరికి ఉండదు," అన్నాడు. మా తాతగారి బిరుదులు ఉత్తరాల కాగితం మీద లైనున్నర పట్టేవి. అవన్నీ పోయాయి. ఇప్పుడు ప్రభుత్వం పిలిచి ఒక పేరు ఇస్తానంటోంది. దాన్ని అమ్మడానికి వీల్లేదు, వేలం వేయడానికి వీల్లేదు. ఆ పేరు నాకు కావాలనిపించింది. అంతకు ముందు గానీ ఆ తరవాత గానీ దేన్నీ అంతగా కోరుకున్న గుర్తు లేదు.

చిక్కల్లా ఒక్కటే. నా పేరూ ఇంటిపేరూ చెప్పగానే ఆయన లేచి నిలబడ్డాడు. "బాబుగారా అండీ. మా నాన్న మీ లోగిట్లో రేడియో చూసేవాడండీ," అన్నాడు. మా హాలులో బీరువా అంత రేడియో ఉండేదని, దాన్ని తుడవడానికీ, బ్యాటరీలు మార్చడానికీ, వార్తల వేళకి ముల్లు సరిగ్గా తిప్పిపెట్టడానికీ ఒక మనిషి ఉండేవాడని నేను విన్నాను. ఆ మనిషి గురించి మా మేనత్తలు ఎప్పుడూ ఒకటే వాక్యం చెప్పేవారు: పోతూ పోతూ రేడియోలో వాల్వులు పీక్కుపోయాడని. వాల్వంటే లోపల దీపంలా వెలిగే గాజు గొట్టం. అవి లేకపోతే ఆ రేడియో ఉత్త చెక్కపెట్టె. అలాంటివాడి కొడుకు తాడేపల్లిగూడెంలో మోటార్లకి వైండింగు కట్టే షాపు పెట్టుకుని, మేడ మీది గదిలో ఆదివారాలు రేడియో పాఠాలు చెబుతున్నాడు. అందరూ యాంటెన్నా మేస్టారు అనేవారు. ఆయన దగ్గర నేర్చుకుంటే తప్ప నాకు పేరు రాదు. ఆయన్ని ఏదైనా అడిగితే మా వంశం తల వంచినట్టు. ఈ రెంటికీ మధ్య నేను కనిపెట్టిన దారి ఏమిటంటే, పాఠానికి వెళ్లడం, ఏమీ అడక్కపోవడం.

ప్రతి ఆదివారం ఏలూరులో ప్యాసింజరెక్కేవాణ్ణి. ఏలూరు మిషన్ బడిలో సైన్సు చెప్పే టీచరుగారు కూడా ఆ పాఠానికే అదే పెట్టెలో ఎక్కేవారు. యాభై దాటిన మనిషి, చర్చిలో తొలి ఆరాధన ముగించుకుని తెల్లచీరతో నేరుగా స్టేషనుకి వచ్చేవారు. తెలీదని చెప్పడానికి ఆవిడకి ఏమాత్రం సిగ్గు లేదు. "మేస్టారూ, నా బుర్రకెక్కలేదండీ, మొదటినుంచీ చెప్పండి," అని గంటకి నాలుగుసార్లు అనేవారు. ఆయన మళ్లీ చెప్పేవాడు. ఆ రెండోసారి నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, చెవులు మాత్రం ఇటు పెట్టేవాణ్ణి. నా రేడియో చదువంతా ఆవిడ ప్రశ్నల మీదే సాగింది. ఆవిడ అడగనిది నాకు రాలేదు. రేడియోవాళ్ల మర్యాదలు కూడా అలాగే తెలిశాయి. గాలిలో మగవాళ్లందరూ వయసుతో పని లేకుండా 'ఓల్డ్ మ్యాన్', ఆడవాళ్లందరూ ఎంత వయసైనా 'యంగ్ లేడీ'. టీచరుగారు ఆ రోజంతా మహా సంతోషంగా ఉన్నారు. ఈ పద్ధతి మా స్టాఫ్‌రూములో కూడా పెడితే బాగుండునండీ అన్నారు. మొదటి రోజునే మేస్టారు ఒక నియమం మాత్రం గట్టిగా చెప్పాడు. లైసెన్సు లేనివాళ్లు, పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా మైకు మీట నొక్కి మాట్లాడకూడదు. మాట్లాడితే మీకు రావలసిన పేరు రాదు, నాకున్న పేరు పోతుంది అన్నాడు.

పరీక్ష మూడు వారాల్లో ఉందనగా మేస్టారు నా చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చాడు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రేడియో మాటలకి తెలుగులో అర్థాలు రాసిపెట్టాలట. నా తెలుగు బాగుంటుందని ఎవరో చెప్పారట. "మీకు తెలియనివి ఉంటే నన్ను అడగండి బాబుగారూ, మొహమాటపడకండి," అన్నాడు. ఆ చివరి మాట అనకుండా ఉండవలసింది. వారం రోజులు మేత బస్తాల మధ్య కూర్చుని అరవై మాటలకి అర్థాలు రాశాను. టీచరుగారు అడిగినవి ఇరవై దాకా ఉంటాయి, అవి బాగానే వచ్చాయి. మిగతావి నా వంశగౌరవం రాసింది. రేడియోవాళ్లు మాటలు ముగించేటప్పుడు ఒకరికొకరు 'సెవెంటీ త్రీ' అని చెప్పుకోవడం విన్నాను. ఒకరి సంభాషణకి ఒకరు మార్కులు వేసుకుంటున్నారనుకుని, '73: సంభాషణకు నూటికి ఇచ్చు మార్కులు, ప్రథమ శ్రేణి' అని రాశాను (నాకు పేరు వచ్చాక ఎనభైకి తగ్గితే ఒప్పుకోకూడదని కూడా నిశ్చయించుకున్నాను). సెట్టు నుంచి యాంటెన్నాకి వెళ్లే తీగని 'ఫీడ్ లైన్' అంటారు. అక్కడ నా ఉద్యోగం అక్కరకొచ్చి 'మేత సరఫరా మార్గము' అయింది. 'గ్రౌండ్' దగ్గర 'భూమి' అని రాసి ఒక పూట ఆగిపోయాను. ఇక 'డమ్మీ లోడ్'. ఆ మాట మేస్టారి బల్ల మీద ఒక పాత రంగుడబ్బాకి చీటీ రాసి అంటించి ఉండేది. మూత బిగించిన డబ్బా, చుట్టూ నూనె మరకలు, ఎత్తితే చెయ్యి లాగేసేంత బరువు. దాని కింద ఎప్పుడూ కాగితాలుండేవి. ఇంకేం కావాలి. 'డమ్మీ లోడ్: కాగితములు ఎగిరిపోకుండ బల్లపై నుంచు బరువు' అని రాశాను. గ్రాంథికంలో రాస్తే చదివేవాళ్లకి నమ్మకం ఎక్కువ కలుగుతుందని అప్పట్లో నా అభిప్రాయం.

తరవాతి ఆదివారం రైల్లో టీచరుగారు ఆ పుస్తకం అడిగి తీసుకున్నారు. దెందులూరు దాటేసరికి పెదవులు బిగించారు. భీమడోలు వచ్చేసరికి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇవన్నీ ఎక్కడ దొరికాయండీ అని అడిగితే, మా తాతగారి పుస్తకాల్లో ఉన్నాయన్నాను. "తాతగారు చాలా సరదా మనిషనుకుంటానండీ," అన్నారు. ఆ తరవాత గూడెం దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు గానీ, భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. పుస్తకం చూసి మేస్టారు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎర్ర పెన్సిలు తీసి, మొదటి పేజీ నుంచి చివరి దాకా, ఒక్కొక్క మాట పక్కన చిన్న గీత పెట్టుకుంటూ పోయాడు. నలభై గీతలు. టిఫిను చేసి వచ్చాక మనిద్దరం కూచుని కొన్ని చూసుకుందామండీ బాబుగారూ అన్నాడు, ఎంతో మెల్లగా. ఉన్న అయిదారుగురమూ కింద హోటల్లో పెసరట్టు తినడం అక్కడి అలవాటు. నాకు ఆకలి లేదన్నాను. అందరూ మెట్లు దిగిపోయారు.

గదిలో నేనూ, ఎర్రగీతల పుస్తకమూ, బల్ల మీద సెట్టూ మిగిలాం. ఆ పొద్దున మేస్టారు సెట్టుకి ఏదో బాగుచేసి, పరీక్షించి, ఆపకుండా అలాగే వదిలి వెళ్లాడు. ఆదివారం ఆ వేళకి చుట్టుపక్కల జిల్లాల రేడియోవాళ్లంతా గాలిలో చేరి కబుర్లు చెప్పుకుంటారని నాకు తెలుసు. వాళ్లంతా వింటారనే మైకు తీసుకున్నాను. మీట నొక్కాను. నోరు తెరవగానే సెట్టు మీది ముల్లు లేచింది (ఇన్నేళ్లకి నా మాటకి లేచినది అదొక్కటే). ముందు కాల్‌సైన్ చెప్పాలి, నాకు లేదు. అందుకని మా తాతగారి బిరుదులతో మొదలుపెట్టాను, లైనున్నర. తరవాత మూడు ఊళ్లు, మోటారు కారు, కొల్లేట్లో షికారు పడవ. అక్కడ ఆపినా పోయేది. నా రాతకి ఎర్రగీతలు పెట్టే అర్హత ఈ గదిలో ఎవరికీ లేదని, నాకు పాఠం చెబుతున్న మనిషి తండ్రి మా రేడియో తుడిచినవాడని, చివరికి దాని వాల్వులు పీక్కుపోయినవాడని, కొడుకు విద్య ఎక్కడినుంచి వచ్చిందో శ్రోతలే ఊహించుకోవచ్చని చెప్పాను. మొత్తం పది నిమిషాలు. మీట వదిలాను. సన్నటి గుసగుస తప్ప ఒక్క గొంతు పలకలేదు. లోకం నిశ్చేష్టమైందనుకున్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించాక తెలిసివచ్చింది ఏం చేశానో. పరీక్ష రెండు వారాల్లో ఉంది. నా పేరు పుట్టకముందే పోయింది, మేస్టారి పేరు కూడా వెంట తీసుకుపోతోంది. తలనొప్పి అని చెప్పి అప్పుడే స్టేషనుకి వెళ్లిపోయాను. ఆ వారం నేను పడ్డ అవస్థ మేత బస్తాలకే తెలుసు. పోస్టుమాను కనిపిస్తే లోపలి గదిలోకి వెళ్లేవాణ్ణి. మంగళవారం మా ఆఫీసు ముందు ఒక జీపు ఆగి, ఖాకీ ప్యాంటు వేసుకున్న ఒకాయన దిగి, "ఇక్కడ చూసేది మీరేనాండీ?" అని నన్నే అడిగాడు. అంతా నేనే చేశాను, మా మేస్టారికి తెలీదండీ అని గొంతు దాకా వచ్చింది. ఆయనకి కావలసింది రొయ్యల మేత. పది బస్తాలడిగితే ఇరవై ఎక్కించాను.

గురువారం మధ్యాహ్నం అన్నం కెలుకుతూ కూర్చుంటే అమ్మ ఏమిటని అడిగింది. సగమే చెప్పాను. మన రేడియో మనిషి వాల్వులు పట్టుకుపోయిన సంగతి నలుగురిలో అనేశానని. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఎవరు పట్టుకుపోయార్రా? మీ తాతగారే ఇచ్చారు. నేను కొత్తకోడల్ని, గుమ్మంలో నిలబడి చూశాను. రేడియో చెడిపోయి మూలపడుంది. ఈ ఇంట్లో దీని సంగతి తెలిసినవాడు ఎవడూ లేడు, మీవాడికి చెయ్యి తిరుగుతుందంటున్నావుగా, వాడికివ్వు, నేర్చుకుంటాడు అని ఆయనే విప్పించి సంచీలో పెట్టించారు."

మరి అత్తలంతా అలా ఎందుకు చెప్పేవారని అడిగాను. అమ్మ మళ్లీ పప్పు కలపడం మొదలుపెట్టింది. "ఇచ్చేశామని చెప్పుకోవడం వాళ్లకి ఇష్టం లేదురా. పట్టుకుపోయాడంటే, పట్టుకుపోవడానికి మన దగ్గర ఇంకా ఏదో ఉన్నట్టుంటుందిగా," అంది.

ఆ రోజు నేను అన్నం తినలేదు. అప్పటిదాకా నేను నియమం తప్పానని భయపడ్డాను. ఇప్పుడు నేను అబద్ధం ఆడానని తెలిసింది, అదీ నాలుగు జిల్లాలకి వినిపించేలా. శనివారం దాకా మానేద్దామనే అనుకున్నాను. ఆదివారం పొద్దున ఎందుకో ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్యాసింజరెక్కాను. టీచరుగారు పలకరిస్తే తల ఊపానంతే. గూడెంలో మేడ ఎక్కి, మిగతావాళ్లు ఇంకా రాలేదు కనక టీచరుగారి ఎదుటే, మేస్టారి ముందు నిలబడ్డాను. "మేస్టారూ, మీకు ఒక సంగతి చెప్పాలండీ," అన్నాను. ఆయన్ని మేస్టారూ అని పిలవడం, అండీ అనడం అదే మొదలు. పోయిన ఆదివారం మీట నొక్కానని, తాతగారి బిరుదుల నుంచి వాల్వుల దాకా ఏమేం అన్నానో ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. వాల్వులు మా తాతగారే ఇచ్చారని, ఆ సంగతి నాకు గురువారం తెలిసిందని చెప్పాను. పరీక్షకి కూర్చోనని, మీ లైసెన్సు మీదికి రాకుండా ఎవరికి ఏం రాసివ్వమంటే అది రాసిస్తానని చెప్పాను.

మేస్టారు స్టూలు మీద కూర్చున్నారు. (ఇక్కడినుంచి కూర్చున్నారు, అన్నారు అనే రాస్తాను.)

"ఆ మాట ఊళ్లో అందరూ అనుకునేవారండీ," అన్నారు. "మా నాన్న పోయేదాకా వింటూనే ఉన్నాడు. ఎదురు చెప్పేవాడు కాదు, పెద్దింటి మాట కదండీ. మీ ఇంటి మనిషి వచ్చి, అది కాదని చెప్పడం ఇదే మొదలండీ, బాబుగారూ."

నేను నిలబడే ఉన్నాను. ఇంకాసేపటికి ఆయన తల ఎత్తి, ఇంతకీ ఏ సెట్టులో మాట్లాడారండీ అని అడిగారు. ఈ బల్ల మీది సెట్టులోనేనన్నాను. పోయిన ఆదివారం, మేం పెసరట్టు తినడానికి వెళ్లినప్పుడేనా అని అడిగారు. ఔనన్నాను. ఆయన లేచి సెట్టు వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి బయల్దేరిన నల్లతీగని వేలితో పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వచ్చారు. అది కిటికీలోంచి మేడ మీది యాంటెన్నాకి పోలేదు. కాగితాల కింద నుంచి పాకి, వచ్చి వచ్చి రంగుడబ్బా మూతలో దూరింది. టీచరుగారికి ముందే అర్థమైపోయి, కొంగు వెతుక్కోవడం మొదలుపెట్టారు.

"ఇదేంటో తెలుసాండీ?" అన్నారు మేస్టారు.

కాగితములు ఎగిరిపోకుండ అని నాలుక చివరి దాకా వచ్చింది. "నాకు తెలీదండీ. చెప్పండి," అన్నాను.

సెట్టు బాగుచేసేటప్పుడు మాట గాలిలోకి పోకుండా యాంటెన్నా బదులు దీన్ని తగిలిస్తారట. డబ్బా నిండా నూనె, నూనెలో ఒక రెసిస్టరు. సెట్టు నుంచి వచ్చిన శక్తినంతా అది మింగి వేడెక్కుతుంది. "డబ్బాలో మాట్లాడినందుకు ఎవరి పేరూ పోదండీ. ఆ రోజు టిఫిను చేసి పైకొచ్చి ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఎండకేమో అనుకున్నాను," అన్నారు. మూడు ఊళ్లు, కారు, షికారు పడవ, లైనున్నర బిరుదులు, నాలుగు లీటర్ల నూనెని కాస్త వెచ్చబెట్టాయన్నమాట. ఎంత బరువు దిగిపోయిందంటే, మా వంశంలో మొదటిసారిగా నేను వెళ్లి గోడకి చేరగిలబడ్డాను. టీచరుగారు మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు గానీ, నవ్వుతో సగం నా చొక్కా మీదే పోశారు. ప్రపంచంలో ఎవరి చెవినా పడని మాటల్ని, పడకూడని ఒకే ఒక్క మనిషి చెవిలో, నేనే టిక్కెట్టు కొనుక్కుని వచ్చి వేశానని నాకు అర్థమవడానికి ఇంకా కాస్త సమయం పట్టింది. అయినా బాధ కలగలేదు. (పూర్తిగా ఎవరికీ వినపడలేదనడం కూడా తప్పే. మరీ దగ్గరున్న రేడియోలకి కొంచెం తగలొచ్చట. కింద పెసరట్టు హోటలాయన ఆ రోజు పాటల మధ్యలో పది నిమిషాల పాటు తన రేడియో బాతులా అరిచిందని, రెండు దెబ్బలు వేసినా ఆగలేదని చెప్పాడు. మా వంశచరిత్ర విన్న ఏకైక శ్రోత ఆయనే.)

ఆ మధ్యాహ్నం మేస్టారూ నేనూ నలభై గీతలూ వరసగా చూసుకున్నాం. 73 అంటే మార్కులు కావని, ఒకరికొకరు శుభం చెప్పుకునే మాటని తెలిసినప్పుడు కొంచెం నిరాశపడ్డాను. మరుసటి ఆదివారం పరీక్ష రాశాను, పాసయ్యాను. విచారణలూ కాగితాలూ అన్నీ అయి పేరు చేతికి రావడానికి నెలలు పట్టింది. అదేమిటో ఇక్కడ రాయను. రాస్తే మిత్రులు గాలిలో ఈ కథ ఎత్తుకుని నన్ను నిలబడనివ్వరు. వాయిదాల మీద ఒక సెట్టు కొనుక్కుని, ఇంటివారిని బతిమాలి మేడ మీద తీగ కట్టుకుని, ఒక సాయంకాలం మొదటిసారి నా పేరుతో నేను పిలిచాను. గూడెం నుంచి మేస్టారు పలికారు. బాబుగారూ అనలేదు. ముందు నా పేరు, తరవాత ఆయన పేరు, అంతే. "స్పష్టంగా వినిపిస్తున్నారండీ. చెప్పండి," అన్నారు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి మీద నాకు జాలీ నవ్వూ రెండూ వస్తాయి. ఎవరి సంగతో చెప్పడానికి పది నిమిషాలు ఏకధాటిగా మాట్లాడినవాడికి, తన సంగతి చెప్పమంటే ఒక్క మాట దొరకలేదు. మీట నొక్కి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అవతల మేస్టారు ఓపిగ్గా ఎదురు చూస్తున్నారు. కిటికీ బయట చినుకులు మొదలయ్యాయి.

"ఏలూరులో వాన పడుతోందండీ," అన్నాను.

"ఇక్కడా ఇప్పుడే మొదలైందండీ," అన్నారు మేస్టారు.